ఆమె పరిస్థితి వేరు

ఈ నెల పదకొండు ఉత్తరాలు వచ్చాయి. అందులో ఏడింటి సారాంశం ఒకటే: ఫలానావాళ్లను క్షమించాలా, అక్కర్లేదా? విశాఖలో ఇంతమంది ఇంతమంది మీద కోపంగా ఉన్నారని తెలియక ఇన్నాళ్లూ సాయంత్రాలు బీచ్ రోడ్డులో నిశ్చింతగా నడుస్తున్నాను. వాటిలో ఒక ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. రూళ్ల కాగితం, రెండు వైపులా రాత, చోటు చాలక అంచుల్లో కూడా రాత. ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను. మిగిలినవారు ఏమీ అనుకోవద్దు.

*

"అమ్మగారికి ప్రభువు నామంలో వందనాలు. మా సంఘంలోనే ఒక సహోదరి దగ్గర లక్ష రూపాయల చీటీ కట్టాను. ఇరవై మంది, నెలకు 5,000. ఆనవాయితీ ప్రకారం మొదటి చీటీ ఆమే తీసుకుంది. మా అమ్మాయి నర్సింగు ఫీజుకు పనికొస్తుందని నేను చివరిదాకా పాడకుండా ఉంచుకున్నాను. పద్నాలుగు నెలలు కట్టాను. పాటలో తగ్గింది పోను నా చేతి నుంచి వెళ్లింది 61,500. పదిహేనో నెల వెళ్లి చూస్తే ఇంటికి తాళం. చెప్పాపెట్టకుండా పిల్లలతో సహా వెళ్లిపోయింది. అప్పటికి చీటీ ఎత్తుకోని ఆరుగురం మునిగాం. ఫీజుకు నా గొలుసు తాకట్టు పెట్టాను. ఇంకా విడిపించుకోలేదు.

మూడేళ్లు దాటాక ఈ మధ్య తిరిగి వచ్చింది. ఏదో హాస్టల్లో వంట చేస్తోందట. మందిరంలో తలుపు పక్కన కూర్చుని, ఆశీర్వాదం కాకముందే లేచి వెళ్లిపోతుంది. ఆమె వెనక ఉందని తెలిస్తే నాకు పాట నోట రాదు. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభు భోజనానికి ముందు, సంఘం ఎదుట ఆమె చేయి పట్టుకుని 'క్షమించాను' అని చెప్పమంటున్నారు పాస్టరు గారు. చెప్పకపోతే రొట్టె, ద్రాక్షరసం అందుకునే ఆ బల్ల దగ్గరికి రావడానికి నేను తగనట. మా ఆయనేమో ఆమె ముఖం చూడవద్దంటున్నారు.

చీటీ ఎత్తుకున్నవాళ్లలో ఇద్దరు ఎనిమిదో నెల నుంచి కట్టడం మానేసిన మాట నిజమే. అందులో ఒకరు మా తోడికోడలు. ఆమె పరిస్థితి వేరు. అయినా నడిపే మనిషిదే కదా బాధ్యత?

క్షమిస్తే డబ్బు వదులుకున్నట్టేనా? డబ్బు అడిగితే క్షమించనట్టేనా?"

— ఒక సహోదరి, కంచరపాలెం

అమ్మా, ముందు మొదటి ఆదివారం సంగతి తేల్చుకుందాం. ఆ రోజు అందరి ఎదుటా చేయి పట్టుకోవద్దు. మత్తయి 18వ అధ్యాయం 15వ వచనంలో, తప్పు చేసిన సహోదరుడి దగ్గరికి వెళ్లమన్నది "నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు". మైకు దగ్గర అని లేదు. పైగా, కానుక బలిపీఠం ముందు విడిచిపెట్టి వెళ్లి సమాధానపడమన్న మాట ఉంది చూడండి, మత్తయి 5లో, అది ఎవరితో అన్నదో నెమ్మదిగా చదవండి. "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" గుర్తొచ్చినవాడితో అన్నది. అంటే బాకీ పడ్డవాడితో. ఆ లెక్కన ముందు కదలవలసింది మీరు కాదు, ఆమె. మీ పాస్టరు గారు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. అయినా ఇంకొకరి 61,500 మీద చెల్లు రాయమనడం ఎవరికైనా సులువే.

ఇక డబ్బు. నేను ఒక ఆఫీసులో ముప్ఫై మూడేళ్లు లెక్కల విభాగంలో పని చేసి దిగినదాన్ని. ఏ విషయమైనా జమాఖర్చు రూపంలో ఉంటే తప్ప నా బుర్రకెక్కదు. అదృష్టవశాత్తు మన తెలుగు బైబిల్లో ప్రభువు ప్రార్థన ఆ భాషలోనే ఉంది. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." అక్కడ పాపాలు అనలేదు, ఋణాలు అన్నారు. చిన్నప్పటి నుంచి కళ్లు మూసుకుని అప్పజెప్పడం వల్ల ఆ మాట మన చెవిన పడదు.

అప్పుపడిన దాసుడి కథ మీకు వచ్చే ఉంటుంది, మత్తయి 18లోనే ఉంది. రాజు ఒక దాసుడికి పదివేల తలాంతులు వదిలేస్తాడు. వాడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోడి దాసుడి గొంతు పట్టుకుంటాడు. ఒక దేనారం అప్పట్లో కూలివాడి రోజు కూలి. ఒక తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడు వందల రోజులు పనికి వెళ్లినా తీర్చడానికి రెండు లక్షల ఏళ్లు. అందుకే వాడు "నీకు అంతయు చెల్లింతును" అని రాజు కాళ్ల మీద పడితే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. ప్రసంగాల్లో ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. ఆరు కోట్ల ముందు వంద ఎంత, చిల్లర డబ్బులు, వదిలేయండి అంటారు. కాదు. వంద దేనారాలు వంద రోజుల కూలి. పిల్లలున్న కూలి ఇంట్లో అది మూడు నెలల తిండి. ప్రభువు దాన్ని చిన్న మొత్తం అని ఎక్కడా అనలేదు. చిల్లర అనుకుంటే ఏ పైసో చెప్పి ఉండేవారు. మీ 61,500 కూడా చిన్నది కాదు. గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది. చిన్నదని మీ చేత ఎవరైనా అనిపించాలని చూస్తే ఒప్పుకోవద్దు.

అయితే నాకు ఒక చెడ్డ అలవాటు ఉంది. ఎవరైనా అంకెలు రాస్తే కలిపి చూస్తాను. మీ ఉత్తరం పక్కన పెట్టుకుని తెల్ల కాగితం మీద మీ చీటీ వేశాను.

పద్నాలుగు నెలల్లో పద్నాలుగు చీటీలు లేచాయి. ఒకటి ఆమెది. రెండు, కట్టడం మానేసినవాళ్లవి. మిగిలినవి పదకొండు. ఎనిమిదో నెల నుంచి పద్నాలుగో నెల దాకా ఇద్దరి వాయిదాలు పడలేదు. నెలకు 10,000 చొప్పున ఏడు నెలలు, 70,000. అయినా ఆ ఏడు నెలలూ చీటీ ఆగలేదు, పాడుకున్నవాళ్లకు డబ్బు అందింది. అంటే ఆ 70,000 ఆమె ఎక్కడి నుంచో తెచ్చి వేసింది. ఏ వడ్డీకి తెచ్చిందో మీరు రాయలేదు. మీకూ తెలియకపోవచ్చు. వంట చేసుకుని బతికే మనిషికి బ్యాంకు వడ్డీకి మాత్రం ఎవరూ ఇవ్వరు.

ఇంకొకటి. ఆమె తాళం వేసి వెళ్లాక, అప్పటికే చీటీ ఎత్తుకున్న ఆ పదకొండు మంది ఏం చేశారు? వాళ్లింకా ఆరేసి వాయిదాలు కట్టాలి. మనిషికి 30,000. మొత్తం 3,30,000. అడిగే మనిషి లేదు కాబట్టి ఎవరూ కట్టి ఉండరు. మీ ఆరుగురికి పోయింది దాదాపు మూడు లక్షల అరవై, డెబ్బై వేలు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. మీ డబ్బులో ఎక్కువ భాగం ఆమె మూటలో ఊరు దాటలేదమ్మా. సంఘంలోనే, ముందు వరుసల్లోనే కూర్చుని పాటలు పాడుతోంది.

ఆమె తప్పు లేదని నేను అనడం లేదు. ఆరుగురిని కూర్చోబెట్టి "ఇదీ పరిస్థితి" అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చిట్టా చూపించి ఉంటే సరిపోయేది. చెప్పకుండా వెళ్లడం మోసమే. తన మొదటి చీటీ మీద తనకున్న బాకీ కూడా ఉంది. దానికి ఆమే జవాబు చెప్పాలి.

ఇక మీ ఉత్తరం మూడో పేజీ. "ఆమె పరిస్థితి వేరు" అని మీ తోడికోడలి గురించి రాశారు. రెండు పంక్తుల్లో దాటేశారు. ఎనిమిదో నెల నుంచి ఇరవయ్యో నెల దాకా పదమూడు వాయిదాలు, 65,000. పాటల్లో తగ్గేది తీసేస్తే కాస్త అటూ ఇటూగా మీకు పోయినంత. మీ ఇంట్లో పోయింది మీ ఇంట్లోనే ఉంది. ఇది ఎత్తిపొడవడానికి రాయడం లేదు. ఆ రెండు పంక్తుల్లో ఉన్నది కనికరమే. మీ తోడికోడలికి ఏం జరిగిందో మీకు తెలుసు. జబ్బో, భర్త పని పోవడమో, ఏదో ఉండి ఉంటుంది. తెలుసు కాబట్టి అప్పు అడగలేదు, ముఖం చూడనని అనలేదు, పండగకు పిలిచి ఉంటారు. ఎలా క్షమించాలో ఎవరూ మీకు నేర్పనక్కర్లేదు. మూడేళ్లుగా చేస్తూనే ఉన్నారు. మరి వంట చేసుకునే మనిషి పరిస్థితి ఏమిటి? మీ నాలుగు పేజీల్లో అది లేదు. హాస్టల్లో పని చేస్తోంది "ట" అని రాశారు. ఎవరో చెప్పగా విన్నారు, అడగలేదు.

ఇలా మీకు చెప్పడానికి నాకు ఏ అర్హతా లేదు. అదీ రాస్తాను.

1996లో నా మీద మా ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. ప్రయాణ భత్యం బిల్లుల్లో చేతివాటం చూపిస్తున్నానని. విచారణలో ఏమీ తేలలేదు, కాని నాకు రావలసిన ప్రమోషన్ రెండేళ్లు ఆగింది. ఆ ఉత్తరం నాకు చూపించారు. చేతిరాత తెలియకుండా అచ్చులాగా ఒక్కో అక్షరం దిద్ది రాశారు. అంకెలు దిద్దడం మాత్రం మరిచిపోయారు. ఏడు అంకెకు మధ్యలో చిన్న అడ్డగీత. మా విభాగంలో నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఆయన ఏడు అంకెను అలాగే రాసేవారు. మందిరంలో కూడా మాతో కలిసి పాడేవారు. ఆ రోజు నుంచి ఆయనతో మాట మానేశాను. పద్దెనిమిదేళ్లు. ప్రతి ఆదివారం ఒకే పాటల పుస్తకం, ఒకే పాట, మధ్యలో రెండు కుర్చీల దూరం.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ గాలి ఎలా ఉందో విశాఖవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మాది పెద వాల్తేరులో మూడో అంతస్తు. కిటికీ అద్దాలు పోయాయి. కరెంటు లేక మోటారు లేదు, ట్యాంకు అడుగు కనబడింది. మా వారు అప్పటికే మంచం మీద ఉన్నారు. మంగళవారం పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. ఆయన. భుజం మీద స్టీలు బిందె, చేతిలో బకెట్టు. అరవై అయిదు దాటిన మనిషి, పడిపోయిన చెట్లను దాటుకుంటూ రెండు వీధులు నడిచి, మూడు అంతస్తులు ఎక్కి వచ్చారు. బిందె గుమ్మంలో దించి "ఒలకలేదు" అన్నారు, నాతో కాదు, తనలో తాను. నేను నీళ్లు పోసుకుని ఖాళీ బిందె ఇచ్చేశాను. వందనాలు అని కూడా అనలేదు. మర్నాడు వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు.

అయిదో రోజు బిందె ఇవ్వబోతూ ఆగాను. మా అమ్మ, ఎవరి గిన్నె మా ఇంటికి వచ్చినా, ఖాళీగా వెనక్కి పంపేది కాదు. ఏమీ లేని రోజున చిటికెడు పంచదారైనా వేసేది. నేను నాలుగు రోజులుగా ఖాళీ బిందెలు పంపుతున్నాను. డబ్బాలో బెల్లం ముక్క ఉంది. పేపరులో చుట్టి బిందెలో వేశాను. ఆయన బిందె అందుకుంటే లోపల టక్కున చప్పుడైంది. తొంగి చూసి, "ఇదెందుకమ్మా?" అన్నారు.

"ఖాళీగా పంపకూడదు కదండీ" అన్నాను.

పద్దెనిమిదేళ్ల తర్వాత ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది. ఆ ఉత్తరం సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. 2019లో పోయారు. ఆ తర్వాత ఒకరోజు పాత కాగితాలు సర్దుతుంటే, మాకందరికీ పని నేర్పిన తొలి సూపరింటెండెంటు గారి చేతిరాత ఒకటి కనబడింది. ఆయన ఏడు అంకెకూ అడ్డగీత ఉంది. ఆ కట్టలోనే 1978 నాటి నా సొంత కాగితం ఒకటి. నా ఏడుకూ ఉంది. ఆయన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాళ్లమూ కొంతకాలం అలాగే రాశాం. పద్దెనిమిదేళ్లు నేను ఒక అడ్డగీత మీద తీర్పు చెప్పి కూర్చున్నాను.

సరే, మీ సంగతి. ముందు తోడికోడలి ఇంటికి వెళ్లండి. డబ్బు ఇమ్మని కాదు, ఆ బాకీ ఉందని ఆమె నోటితో ఒప్పుకుంటే చాలు. ఒప్పుకోదేమో, గొడవ పడుతుందేమో కూడా. అయినా వెళ్లండి. తర్వాత ఒక నోటుపుస్తకం పట్టుకుని హాస్టల్ పని లేని వేళ చూసి ఈమె దగ్గరికి వెళ్లండి. మీ వారు రాకపోయినా పరవాలేదు. "ఏం జరిగింది?" అని ఒక్క ప్రశ్న అడిగి, ఆమె చెప్పింది రాసుకోండి. ఎవరు ఎత్తారు, ఎవరు ఎన్ని కట్టారు, ఆమె ఎక్కడ అప్పు చేసింది, అంతా. చిట్టా పూర్తయితే ఎవరి బాకీ ఎంతో ఇద్దరికీ కనబడుతుంది. ఆ పదకొండు మంది పేర్లు మీ పాస్టరు గారికి ఇవ్వండి. సంఘం ఎదుట చేయి పట్టుకోవడం కన్నా ఆయనకు అది ఎక్కువ పని.

ఆమె వాటాకు వచ్చింది ఆమె తీర్చాలి. నెలకు మూడు వందలైనా సరే, తేదీ వేసి జమ రాయండి. సుంకం వసూలు చేసే జక్కయ్య, ప్రభువు తన ఇంటికి వచ్చాక కాదా, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది? ప్రభువు వద్దనలేదు. డబ్బు అడగడం కోపం కాదు. ఇచ్చిన రోజున తీసుకుని నవ్వలేకపోవడం కోపం. ఒకనాటికి మిగిలినది వదిలేయాలనిపిస్తే, వదిలేసినట్టు ఆ పుస్తకంలోనే రాసి సంతకం చేసి ఆమెకు ఇచ్చేయండి. కొలొస్సయులకు రాసిన పత్రికలో, మన మీద ఉన్న ఋణపత్రాన్ని సిలువకు మేకులతో కొట్టి, దాని మీది చేవ్రాతను తుడిచివేశాడని ఉంది. రాత ఉన్నదాన్నే తుడవగలం. మీ చీటీకి ఇంకా రాతే లేదు, అందుకే మీ వల్ల కావడం లేదు.

మీరు అడగలేదు కాని చెబుతున్నాను, పోలీసులకు ఫిర్యాదు చేయడం పాపం కాదు. 1982 నాటి చిట్ ఫండ్ల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను లేని చీటీ నడపడమే నేరం. చేరేటప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. నేనూ అలాంటివి రెండు కట్టాను.

ఇక ప్రభు బల్ల. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్నారు పౌలు గారు. పక్కవాళ్లను అనలేదు. మీరు నిండు మనసుతో వెళ్లలేకపోతే ఒక నెల ఆగండి, ఆగినందుకు సిగ్గుపడకండి. ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్లిపోయే ఆ మనిషికి బల్ల అందుతోందో లేదో కూడా ఒకసారి చూడండి.

*

"నేను తాపీ మేస్త్రీని. ఇరవై ఏళ్లు తాగాను. సంపాదించింది తాగాను, భార్యది తాగాను. ఆమె నా వల్లే ముందుగా పోయింది. ఇప్పుడు మానేసి నాలుగేళ్లు. దేవుడు క్షమించాడని నమ్ముతున్నాను. మా అబ్బాయి కూడా క్షమించి తన ఇంటికి తెచ్చుకున్నాడు. కాని నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. కోడలు కంచం పెడితే ముద్ద దిగదు. వరండాలో తింటానంటే వాళ్లు ఒప్పుకోరు."

— ఒక తండ్రి, గాజువాక

తమ్ముడూ, ఈ మధ్య అందరూ "నన్ను నేను క్షమించుకోవాలి" అంటున్నారు. నేను వెతికాను, బైబిల్లో ఆ మాట నాకు కనబడలేదు. అప్పు తీసుకున్నవాడు తన నోటును తానే చించుకోవడం ఎక్కడా ఉండదు కదా. చించవలసింది ఇచ్చినవాళ్లు. మీ అబ్బాయి చించేశాడు. మీరు ముక్కలు ఏరి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. భార్య గారి నోటు చించే మనిషి ఇప్పుడు ఇక్కడ లేరు. దాన్ని ప్రభువు చేతిలో పెట్టడం తప్ప నాకు వేరే దారి తెలియదు. తెలిసినట్టు నటించను.

తప్పిపోయిన కుమారుడు ఇంటికి వచ్చే దారిలో ఒక ప్రసంగం తయారు చేసుకున్నాడు, గుర్తుందా? చివరి వాక్యం, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకొమ్మని. తండ్రి ఎదుట నిలబడి మొదలుపెట్టాక ఆ వాక్యం దాకా రాలేదు. ఈలోగా చెప్పులు, ఉంగరం తెమ్మని తండ్రి కేకలు. లూకా 15లో 19వ వచనం, 21వ వచనం పక్కపక్కన పెట్టి చదవండి. మీ ఇంట్లో వరస తిరగబడింది, అంతే. తప్పిపోయి వచ్చినది తండ్రి, ఎదురొచ్చినది కొడుకు. వరండాలో తింటానన్న మీ మాట ఆ చెప్పకుండా మిగిలిపోయిన వాక్యమే. కోడలు వేడిగా పెట్టిన అన్నం చల్లారుస్తూ కూర్చోవడం వినయం కాదు, ఆమెకు పని పెంచడం. తినండి. తిన్నాక మీ కంచం మీరే కడగండి, ఒప్పుకోకపోయినా సరే.

ఇంకొక పని. మీతో కలిసి తాగినవాళ్లలో ఇంకా తాగుతున్నవాళ్లు మీ పని స్థలాల్లో ఉండే ఉంటారు. వాళ్ల దగ్గర పాస్టరు గారి మాట కన్నా తాపీ పట్టిన మీ చేయి ఎక్కువ పని చేస్తుంది. "ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి" అన్న మాట మీకు వర్తిస్తుంది. పగలు వెళ్లండి, రాత్రి వద్దు. ఒంటరిగా కూడా వద్దు. నాలుగేళ్లు ఇంకా లేతవే.

*

"గత నెల మీరు, మొదటి తెలుగు సువార్తలు బెంగాల్లోని శ్రీరాంపూరులో తయారయ్యాయని రాశారు. విశాఖపట్నంలో ఉండి విశాఖ సంగతే తెలియకపోవడం ఆశ్చర్యం. దిద్దుకోగలరు. ఈసారికి క్షమిస్తున్నాను."

— తెలుగు పండితుడు, విశ్రాంత, అనకాపల్లి

మాస్టారూ, తప్పు నాదే. అచ్చయినది శ్రీరాంపూరులో, 1812లో. అనువాదం జరిగింది మాత్రం మా ఊళ్లోనే. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం వచ్చారు. క్రైస్తవుడైన ఆనందరాయర్ అనే బ్రాహ్మణ పండితుడు వాళ్లకు తోడయ్యారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు ఇక్కడే తెలుగులోకి వచ్చాయి. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో చనిపోయారు. ఇద్దరూ ఆ పుస్తకం చూడలేదు. అంటే అప్పుపడిన దాసుడి కథ తెలుగు అచ్చులోకి వెళ్లింది కూడా మా విశాఖ నుంచే. పైన అంత పొడుగు జవాబు రాస్తూ ఆ సంగతి నాకు తట్టలేదు. మీ కార్డు చూశాకే తట్టింది.

క్షమించినందుకు వందనాలు. అయితే మాస్టారూ, పేతురు గారు ఏడుమార్లు చాలా అని అడిగితే ప్రభువు చెప్పిన లెక్క డెబ్బై ఏళ్లు, అంటే డెబ్బై సార్లు ఏడు. మీ ఖాతాలో నాకు ఇంకా 489 ఉన్నాయి. నా వయసుకు, నా మతిమరుపుకు ఈ ఏడాదిలోనే సగం అయిపోతాయేమో. కార్డులు దగ్గర పెట్టుకోండి.